పాపన్న పలక

మునస్వామి పోయాడని ఫోను వచ్చేసరికి పాపన్న మిద్దె మీద బట్టలు ఆరేస్తున్నాడు. తడి చొక్కా చేతిలో ఉండగానే పిట్టగోడకు ఆనుకుని కూలబడ్డాడు. నలభై ఏళ్లు ఇద్దరూ కలిసి పలక, అదే డప్పు, కొట్టారు. పుంగనూరు చుట్టుపక్కల చావయినా జాతరయినా ఈ జంట లేకుండా జరిగేది కాదు. మునస్వామి ఎత్తుకుంటే పాపన్న అందుకునేవాడు. "ముందు పోయినోడిదేరా అదృష్టం, కొట్టేదానికి రెండోవాడు ఉంటాడు" అని నవ్వుకునేవాళ్లు. నవ్వుతూనే మాట కూడా ఇచ్చుకున్నారు.

భార్య చనిపోయాక మూడేళ్లుగా పాపన్న మదనపల్లెలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. కొడుకు రమణ హైస్కూలు టీచరు. మంచివాడు. తండ్రికి మందులు తేవడం మరిచిపోడు, గొంతు పెంచి మాట్లాడడు. అయితే తండ్రిని తెచ్చుకున్న రోజే ఆయన పలకను పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టించాడు.

"కార్లో తీసకపోతా నాయనా. మొగం సూసి, మాలేసి వచ్చేద్దాం. పలక మాత్రం వద్దు" అన్నాడు రమణ.

"మాటిచ్చినాను గదరా అప్పా."

రమణ అటక వైపు చూశాడు. "నీకు గుర్తుండాదో లేదో. నాకప్పుడు ఎనిమిదేండ్లు. ఊర్లో పెద్దాయన సావుకు పొద్దంతా కొట్నావు. కడాకు నిన్ను గొడ్ల కొట్టం కాడ కూసోబెట్టి, ఆకులో అన్నం పైనించి ఇసిరినారు. నేను గోడ పక్కనే నిలబడి సూస్తాండా. ఆ పొద్దే అనుకున్నా, సదవాలని. మళ్లీ నా కండ్ల ముందర అది ఎత్తుకోవద్దు నాయనా."

పాపన్నకు ఆ అన్నం గుర్తు రాలేదు. ఆ రోజు కొట్టిన దరువు మాత్రం దెబ్బ దెబ్బా గుర్తుంది. ఆ సంగతి కొడుకుతో ఎట్లా చెప్పడం?

రమణ స్నానానికి పోగానే పాపన్న స్టూలు వేసుకుని అటకెక్కాడు. పలక చంకన పెట్టుకుని బస్టాండుకు నడిచి, పుంగనూరు బస్సు ఎక్కేశాడు.

మునస్వామి ఇంటి ముందు షామియానా వేశారు. అతని కొడుకు ప్రతాప్ బెంగుళూరులో కంపెనీ ఉద్యోగి. టౌను నుంచి యూనిఫాం వేసుకున్న బ్యాండు మేళాన్ని రప్పించాడు. పాపన్నను చూడగానే ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"పెద్దనాయనా, బ్యాండు మాట్లాడినాం గదా. నువ్వు యాల కష్టపడేది? రా, కుర్చీలో కూసో."

పాపన్న కూర్చోలేదు. ఇంటి వెనక ఇంత గడ్డి అంటించి, తోలు బిగిసేలా పలక కాచుకున్నాడు. బ్యాండువాళ్లు టీ తాగడానికి ఆగినప్పుడు పాడె ముందుకొచ్చి నిలబడి మొదలుపెట్టాడు.

తొలి దెబ్బలు బాగానే పడ్డాయి. ముసలివాళ్లు ఇద్దరు తలలెత్తి చూశారు. కానీ ఆ దరువు ఇద్దరు కొట్టేది. తన వరుస అయిపోగానే మునస్వామి అందుకోవడానికి పాపన్న చెయ్యి తనంతట తనే ఆగింది. అందుకునేవాడు పాడె మీదున్నాడు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అదే చోట ఆగిపోయాడు.

"పాపం, మర్సిపోయినాడు" అంది ఎవరో ఆడమనిషి. కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. మూడోసారి ఆగినప్పుడు బ్యాండువాళ్లు టీ గ్లాసులు దించి వాయించడం మొదలుపెట్టారు. ఆ మోతలో తన పలక తనకే వినపడలేదు. అయినా కాసేపు కొడుతూనే ఉన్నాడు.

తలెత్తి చూస్తే వీధి చివర కారు పక్కన రమణ నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు. అంతా అయ్యాక తండ్రిని ఎక్కించుకుని, మదనపల్లె దాకా ఒక్క మాటా మాట్లాడలేదు. మూడో రోజు మాత్రం అన్నాడు: "ఆ వీడియో మా స్కూలు పిలకాయల ఫోన్లల్లో తిరగతా ఉండాది నాయనా."

తిట్టినా బాగుండేది. పాపన్న సంచి సర్దుకుని కూతురు దగ్గరికి కుప్పం బయల్దేరాడు. పెద్దబిడ్డ అనిత అక్కడ ఆస్పత్రిలో నర్సు. చిన్నప్పుడు పలక కాచే వాసన వస్తే చాలు, పరుగెత్తుకొచ్చి ఎదురుగా గంతులేసేది. వాడికి అర్థం కాకపోయినా దీనికి అవుతుందనుకున్నాడు.

అనిత డ్యూటీ నుంచి వచ్చి, కాఫీ కలిపి ఇచ్చి, జరిగిందంతా వింది.

"నువ్వన్నా సెప్పమ్మా వానికి. నీకు పలకంటే పానం గదా."

ఆమె ఖాళీ గ్లాసు అందుకుంది. "గంతులేసింది నాలుగేండ్లప్పుడు నాయనా. హైస్కూలుకు పోయినాంక రోడ్డు మీద నీ పలక ఇనపడితే బడి వెనకాలకి పోయి దాంకునేదాన్ని. 'మీ నాయన వస్తాండాడే' అని పిల్లోళ్లు నగేవాళ్లు."

"నాకెప్పుడూ సెప్పలేదే?"

"ఎట్ల సెప్పేది? పలక కొట్టేటప్పుడు నీ మొగం నాకు తెలుసు. అంత సంతోషంగా నువ్వు మా కాడ ఏపొద్దూ లేవు నాయనా."

'లేదమ్మా' అనబోయాడు. ఆ మాట అబద్ధమవుతుందని తండ్రికీ తెలుసు, కూతురికీ తెలుసు. అనిత లేచి ఆయన తల నిమిరి, కుక్కరు పెట్టడానికి వంటింట్లోకి పోయింది. ఆమె ప్రేమలో ఏ లోటూ లేదు. అదే ఆయనకు భరించరానిదైంది.

వారం రోజులుండి తిరుగుబస్సు ఎక్కాడు. ఆ రోజే మునస్వామి దినాలు. "నువ్వు తప్పకుండా రావాలన్నా" అని చావు రోజున అతని పెండ్లాం చేతులు పట్టుకుని మరీ చెప్పింది. పుంగనూరులో బస్సు పది నిముషాలు ఆగింది. పాపన్న సీట్లోంచి కదల్లేదు.

మదనపల్లెలో రమణ వచ్చి సంచి అందుకున్నాడు.

"అక్క బాగుండాదా?"

"బాగుండాది."

"మాత్రలు ఏసుకుంటాండావా?"

"ఏసుకుంటాండా."



అప్పటి నుంచి పాపన్న దేనికీ ఎదురు చెప్పడం లేదు. పెట్టింది తింటాడు, రమ్మన్న చోటికి వస్తాడు, పిలిస్తే పలుకుతాడు. నాయన ఇప్పుడు బాగా సర్దుకున్నాడని అక్కాతమ్ముళ్లు ఫోనులో చెప్పుకుని సంతోషపడ్డారు.