పక్కబండి

బావ ఇనుము కోసి అతుకుతాడు. బావమరిది రంగులు వేసి సీట్లు కుడతాడు. బజారు చివర ఇద్దరూ కలిసి ఒక రేకుల షెడ్డు నడుపుతున్నారు. మోటారుసైకిలు ఎవరికి ఎలా కావాలంటే అలా మార్చి ఇవ్వడం వాళ్ళ పని. పొట్టివాళ్ళకు సీటు దించారు. పొడుగువాళ్ళకు హ్యాండిల్ ఎత్తారు. పాలాయన బండికి రెండు పక్కలా క్యాన్లు ఊగకుండా చట్రాలు కట్టారు.

ఏ పని వచ్చినా బావ "ఆలోచించి చెప్తాను" అంటాడు. ఆ మాట పూర్తికాకముందే బావమరిది "అయిపోయిందనుకోండి" అంటాడు. దాని మీద ఇద్దరికీ పొద్దున్నే గొడవ మొదలవుతుంది. భోజనాల వేళకు అదే సర్దుకుంటుంది. సర్దుకోక చస్తుందా, ఇద్దరి క్యారియర్లూ కట్టేది ఒకటే చెయ్యి. ఒకడికి పెళ్ళాం, ఇంకొకడికి అక్క.

ఒకరోజు నర్సమ్మ వచ్చింది. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పులన్నీ ఆమె చేతి మీదే జరుగుతాయి. పెద్ద బండి, నల్ల హెల్మెట్, వెనక మందుల పెట్టె. ఆమె వస్తుంటే బజారులో కోళ్ళు కూడా ముందే పక్కకు తప్పుకునేవి.

"మా ఆయన్ని ఎక్కించుకోవాలి," అంది బండి దిగుతూనే.

"ఎక్కించుకోండి, మేం వద్దన్నామా?" అన్నాడు బావమరిది.

"వెనక సీటు ఆయనకు చాలదు."

ఆమె భర్త బజారులో అందరికీ తెలిసిన మనిషే. గడియారాలు బాగుచేస్తాడు. కొండంత మనిషి, చేసేది చీమ కన్ను లాంటి మరలతో పని. తన కొట్టు తలుపులోంచి తానే పక్కకు తిరిగి బయటికి వస్తాడు.

"పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి ఎక్కారు. ముందు చక్రం గాల్లోకి లేచిందని చెప్పి దిగిపోయారు. అప్పట్నుంచి నేను బండి మీద, ఆయన బస్సులో. ఏ శుభకార్యానికి వెళ్ళినా 'మీ ఆయనేరమ్మా' అంటారు. 'వెనక బస్సులో వస్తున్నారు' అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఇప్పుడు మా చెల్లెలు కొండ మీద ఇల్లు తీసుకుంది. అక్కడికి బస్సు కూడా లేదు."

"ఆలోచించి..." అన్నాడు బావ.

"అయిపోయిందనుకోండి," అన్నాడు బావమరిది. "పక్కన ఇంకో చక్రం పెట్టి, తొట్టిలాంటిది అతికితే సరి. మహారాజులా కూర్చుంటారు."

ఆమె వెళ్ళాక బావ గ్రైండరు కింద పెట్టాడు. "మనం ఎప్పుడైనా పక్కబండి చేశామా?"

"లేదు."

"మరి అయిపోయిందన్నావేంట్రా?"

"ఆవిడ మొహం చూశావా బావా? కాదనడానికి నోరెలా వస్తుంది?"

మర్నాడు గడియారాలాయన్ని పిలిచి, చిన్న పీట మీద కూర్చోబెట్టి, చుట్టూ నేల మీద సుద్దతో గీత గీశారు. "ఒక్క సుద్దముక్క చాలుతుందా, ఇంకోటి తెప్పించాలా?" అన్నాడాయన. నవ్వితే పీట కిర్రుమంది. ఆ గీత ప్రకారమే బావ ఇనుప గొట్టాలు వంచాడు. నిప్పురవ్వలు వాకిలి దాకా ఎగిరాయి. తొట్టి అడుగు గట్టి చట్రం మీద నిలిచింది. నాలుగు చోట్ల అది బండిని పట్టుకుంది. బావమరిది రేకు సాపు చేసి, ముదురు ఆకుపచ్చ రంగు కొట్టి, మెత్తటి సీటు కుట్టాడు.

మొదటిసారి ఇసుక మూటలు ఎక్కించి బావే నడిపాడు. బండి తిన్నగా పోనంది. అతను ఎటు తిప్పినా అది పక్కబండి వైపే లాగి, నేరుగా మంగలి కొట్టు గుమ్మం ముందు ఆగింది.

"గడ్డమా, క్రాపా?" అన్నాడు మంగలి, కత్తి దించకుండానే.

బండి తిన్నగా పోవాలంటే పక్క చక్రం కొంచెం లోపలికి చూడాలి, బండి కొంచెం బయటికి వాలాలి. ఆ కొంచెం ఎంతో దొరికేదాకా బావ దారం కట్టి చూశాడు, విప్పాడు, మళ్ళీ కట్టాడు. చివరకు ఒకసారి వీధి ఆ చివరిదాకా హ్యాండిల్ మీద రెండు వేళ్ళు మాత్రమే ఆనించి నడుపుకొచ్చాడు. ఆ పూట అతని మొహం చూసి బావమరిది ఏ ఎగతాళీ చేయలేదు.

తీరా అంతా అయ్యాక గడియారాలాయన పేచీ మొదలుపెట్టాడు. వంకలు వెతకడానికి ఆయన దగ్గర సామగ్రి కూడా ఉంది. కంటికి భూతద్దం తగిలించుకుని అతుకులన్నీ చూశాడు. "ఇక్కడ సూది మొనంత గుంట ఉంది." బావ సరిచేశాడు. తలుపు ఇరుకన్నాడు, వెడల్పు చేశారు. సీటు గట్టిగా ఉందన్నాడు, బావమరిది విప్పి మళ్ళీ కుట్టాడు. ఈసారి మరీ మెత్తగా ఉందన్నాడు.

"ఈయన గడియారాలు కూడా ఇలాగే చూస్తాడా? అందుకే నాది ఇంకా తిరిగి రాలేదు," అని గొణిగాడు బావమరిది.

బావ మాత్రం ఇంకోటి గమనించాడు. బండి షెడ్డులో కదలకుండా ఉంది, ఇంజను కూడా ఆపి ఉంది. అయినా గడియారాలాయన తొట్టి అంచులు రెండు చేతులా బిగించి పట్టుకుని కూర్చున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం.

బావ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "ఏమీ అనుకోకండి. మీకు భయమా?"

గడియారాలాయన భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు. "మెల్లగా అనండి. ఆవిడ నడపడం మీరు చూశారుగా. బిడ్డకన్నా ముందు తను చేరాలి, ఆ అలవాటు మామూలు రోజుల్లోనూ పోలేదు. ఆ రోజు చక్రం లేవలేదండీ. నేను కళ్ళు మూసుకున్నాను, తెరిచేసరికి ఊరు దాటిపోయాం. దిగి, నా బరువు మీదకి నెట్టేశాను. లావుపాటివాడు బరువని చెప్తే కాదనేవాడెవడు?"

వెనక గాజు గ్లాసులు గలగలమన్నాయి. టీ తెచ్చిన నర్సమ్మ అక్కడే నిలబడి ఉంది.

ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టి, పాత టైరు మీద కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఇన్నేళ్ళూ ఆ కిక్కిరిసిన బస్సుల్లో నిలబడి వచ్చారా, నాతో ఎక్కలేక? ఒక్క మాట చెప్తే మెల్లగా నడిపేదాన్నిగా."

"నడిపేదానివే. మెల్లగా నడపడం నీకు అస్సలు ఇష్టం ఉండదు. నా కోసం నీ సరదా ఎందుకు చెడగొట్టాలి?"

"అదీ నిజమేలెండి," అంది ఆమె, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

బావ ఆలోచనలో పడ్డాడు. బావమరిది పాతసామాన్ల గుట్టలోంచి ఒక లారీ హారన్ లాగాడు. "ఇది తొట్టిలో మీ చేతికి అందేలా పెడతాను. ఒకసారి నొక్కితే మెల్లగా, వదలకుండా నొక్కితే ఆపాలి. నర్సమ్మా, మీకు సమ్మతమేనా?"

"ఒట్టు," అంది ఆమె.

సాయంత్రానికి హారన్ బిగించారు. మంగలి, పాలాయన, ఎదురింటి ముసలమ్మ, అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. గడియారాలాయన హెల్మెట్ పెట్టుకుని తొట్టిలో దిగాడు. బండి కదలకముందే హారన్ బాతులా అరిచింది.

"ఇంకా బయల్దేరలేదండీ," అంది నర్సమ్మ.

"సరిగ్గా మోగుతుందో లేదో చూశాను."

బయల్దేరారు. బాతు అరుపు వీధి పొడవునా వినిపించింది. మలుపు దగ్గర రెండు, వంతెన దగ్గర మూడు. ఆ తర్వాత దూరం నుంచి ఒకటి. ఇక ఏమీ లేదు.

బావ వాకిట్లోకి వచ్చి చెవులు రిక్కించాడు. "హారన్ వైరు ఊడిందంటావా?"

"నేను బిగించిన వైరు ఊడదు."

"మరి నేను బిగించిన బోల్టు ఊడుతుందా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావమరిది తన బండి స్టార్ట్ చేశాడు. బావ వెనక ఎక్కబోతుండగా మలుపులో ఆకుపచ్చ రంగు మెరిసింది.

తొట్టికి సగం దాకా బురద కొట్టుకుంది. గడియారాలాయన ఒళ్ళో పెద్ద పుచ్చకాయ. హెల్మెట్ పక్కకు ఒరిగింది. ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, నర్సమ్మ తల అటు వంచి వింటూనే నడుపుతోంది.

"ఏమైపోయారండీ, చప్పుడే లేదు," అన్నాడు బావ.

"మాటల్లో పడ్డాం," అన్నాడు గడియారాలాయన. "దారి పక్కన ఎంత చూడాల్సింది ఉందండీ! బస్సులో నాకు ఎప్పుడూ ముందువాడి వీపే కనపడేది. తొట్టి చాలా బావుంది. ఒక్కటే లోపం, పుచ్చకాయ పెట్టుకోవడానికి చోటు లేదు."

"అయిపోయిందనుకోండి," అన్నాడు బావ. బావమరిది నోరు తెరిచి అతని వంక చూశాడు.

"తర్వాత చేద్దురుగాని. ఇంకా వెలుగుంది," అని గడియారాలాయన భార్య వైపు తిరిగాడు. "మీ చెల్లెలి ఇంటికి వెళ్దామా?"

"ఉండండి, ముందు ఫోన్ చేస్తాను."

"ఫోనెందుకు? నేరుగా వెళ్ళి తలుపు తడదాం. నన్ను చూసి 'బస్సు కొండ ఎక్కిందా' అనాలి."

నర్సమ్మ బండి తిప్పింది. ఈసారి కొంచెం వేగంగానే తిప్పింది. మంగలి కొట్టు దాటారు, వంతెన వైపు మళ్ళారు. మలుపు రాగానే గడియారాలాయన పుచ్చకాయతో సహా ఒళ్ళంతా లోపలివైపు వంచాడు, ఎవరూ నేర్పకుండానే.