ఏడో ప్రశ్న

బరంపురంలోని ఒక ఆసుపత్రిలో, శస్త్రచికిత్సకు ముందు అడిగే ప్రశ్నల పత్రాన్ని తెలుగులో రాసినది ఉమాదేవి. రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆమె ఏడో ప్రశ్న దగ్గర రెండు రోజులు ఆగి, చివరికి ‘నిద్రాకర ఔషధములు ఏవైనా ఇచ్చితిరా?’ అని రాసింది. నిద్రను కలిగించేది నిద్రాకరం. అంతకంటే నికరమైన మాట లేదని తృప్తి పడింది. పల్లెల నుంచి వచ్చేవారికి పత్రం చదివి, జవాబులు నింపేదీ తానే.

ఆ ఉదయం పాత్రపూర్ నుంచి ముత్యాలు నాలుగేళ్ల మనుమరాలు దివ్యశ్రీని ఎత్తుకొచ్చింది. పిల్లకు మోచేయి విరిగింది. మత్తు ఇచ్చి ఎముక సరిచేయాలి.

ఏడో ప్రశ్నకు ముత్యాలు తల అడ్డంగా ఊపింది. “మందా? ఏటీ లేదమ్మా. డాక్టరు సెప్పినట్టే పరగడుపున తెచ్చేను.”

‘లేదు’ అని రాసి ఉమాదేవి పిల్లను చూసింది. వాచిన చేయి బల్ల అంచుకు తగిలినా ఆ పిల్ల మూలగలేదు. అంత నొప్పిలో అంత నిద్రా? దానికొక కారణం ఉండి తీరాలి.

“దారిలో ఏడవలేదా?”

“ఏడవకేటి! రాత్రల్లా ఊరు ఏకం సేసింది. బస్సెక్కే ముందు జాజికాయ అరగదీసి నాకించేను.”

“ఏమీ లేదన్నావే!”

“జాజికాయ మందేటమ్మా? అది మా ఇంటి కాయ.”

ముత్యాలు కొంగుముడి విప్పింది. ఒక పక్క అద్దంలా అరిగిన చిన్న కాయ. ఆమె అత్త ఇచ్చినది. తల్లులు వరికోతకు వెళ్లిన పూటలన్నీ, ఆ ఇంటి పిల్లలందరి కళ్లూ ఆ నునుపు మీదే మూతపడ్డాయి. దానిలోని నూనెల పేర్లన్నీ, అవి తెచ్చే మత్తూ తెలిసిన ఉమాదేవి ఆ కాయను చేతిలోకి తీసుకుంది.

“ఎంత తీశావు?”

“ఎప్పుడూ సానమీద మూడు తిప్పులే.” ముత్యాలు గొంతు తగ్గింది. “ఏడుపు సూడలేక పది తిప్పేను.”

మత్తు డాక్టరు ధనరాజు సంగతి విని వచ్చి పిల్ల ఊపిరి లెక్కపెట్టాడు. “ఇవాళ వద్దు మేడమ్. జాజికాయ మత్తు మీద నా మత్తు పడితే ఊపిరి ఆడుతుందని చెప్పలేను.”

ముత్యాలు నేల మీద కూలబడింది. “ఓలమ్మా, నానే సంపుకుందునా!”

“తప్పు నీది కాదు, నా ప్రశ్నది.”

“అయితే ముందే తెలుగులో అడగాల గాని!”

ఉమాదేవి కలం తీసింది. ఏడో ప్రశ్న కొట్టివేసి, ‘పడుకోబెట్టడానికి ఏం పెట్టారు? కాయైనా, గింజైనా, పసరైనా చెప్పండి’ అని రాసింది.

మర్నాడు ధనరాజు ముక్కు మీద మత్తు ముసుగు పెట్టగానే నాలుగు ఊపిర్లలో దివ్యశ్రీ నిద్రలోకి జారింది. ఎముక సరిచేసినా కదల్లేదు. వార్డులోకి తెచ్చాక ఉమాదేవీ ముత్యాలూ మంచానికి చెరో పక్కన కూర్చున్నారు. నిద్రను ఇవ్వడం ఎంత తేలికో ఇద్దరూ చూశారు. ఇచ్చిన నిద్రను వెనక్కి తీసుకునే ఘడియ కోసం ఇప్పుడు ఆ రెప్పలనే చూస్తున్నారు.

ఎడమ రెప్ప అదిరింది.

“మామ్మా,” అంది పిల్ల, “నాకు దాహమేస్తంది.”