మూడు పొద్దుల అబద్ధం

ఉరాసావా ఊళ్ళో టీ ఆకు సంఘం కొట్టం ముందు ఒక చెక్కబోర్డు ఉండేది. ఏడాదికి ఐదేసి రోజుల ముక్కలు డెబ్బై రెండు. ఒక్కో ముక్కకు ఒక్కో పేరు. పీచ్ పువ్వు విచ్చింది, వానకోయిల వచ్చింది, అడవి బాతులు ఉత్తరానికి పోయాయి, ఇలా. ఈ పేర్లు జపాన్‌లో చదువుకున్న ప్రతివాడికీ వచ్చు, అందులో గొప్పేం లేదు. ఉరాసావా గొప్పంతా దాని కట్టుబాటులో ఉంది. పంచాంగంలో ఏ తేదీ అచ్చయినా సరే, మన కొండ మీద మన కంటితో చూశాకే పేరు బోర్డెక్కాలి. చూడనిది రాయకూడదు. అంతే.

ఆ పని కురెబయాషి ఇసొకిచిది. ముప్పై రెండేళ్ళు ఉత్తరాల సంచి మోసి కొండ మీద ప్రతి గడపా తొక్కిన మనిషి. ఎవరి దొడ్లో పీచ్ ముందు పూస్తుందో, ఏ చూరు కింద వానకోయిల మొదట మట్టి మెత్తుతుందో ఆయన కాళ్ళకు తెలుసు. ఉద్యోగం దిగిపోయాక ఊరివాళ్ళే పిలిచి సుద్దముక్క చేతికిచ్చారు. మంచి మనిషి. మంచివాడి అబద్ధాన్ని ఎవడూ అనుమానించడు. అందుకే అది దొంగవాడి అబద్ధం కన్నా ఎక్కువ కొంపలు కూలుస్తుంది.

రెండేళ్ళ కిందట గడ్డకట్టిన మెట్టు మీద జారి ఆయన మోకాలు వాచింది. వాపు తగ్గింది గాని కొండెక్కే కాలు మాత్రం తిరిగి రాలేదు. "ఇక నావల్ల కాదు, ఇంకొకరిని చూసుకోండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ బోర్డు కూడా పోతే తానెవరు? పింఛను తినే ముసలాడు. వంటింటి గోడకు ఎరువుల కంపెనీ వాళ్ళు పంచిన క్యాలెండరు వేలాడుతోంది. తేదీల కింద చీమతలకాయంత అక్షరాల్లో ఆ డెబ్బై రెండు పేర్లూ ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, వెళ్ళి బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు. మొదటిసారి రాసేటప్పుడు అటూ ఇటూ చూశాడు. పదోసారికి చూడలేదు.

అన్నిటిలోకీ గట్టి కట్టుబాటు తెల్లమంచుది. "తెల్లమంచు ఆగింది, నారు మొలిచింది" అని రాసే ముందు మూడు పొద్దులు వరసగా తెల్లవారగానే కొండమీది మంచుగుంటకు పోవాలి. వట్టి అరచెయ్యి నేలకు ఆనించాలి. మూడు పొద్దులూ చేతికి తెల్లపొడి అంటకపోతే, బోర్డు కింద ఒక గడ్డిచాప చుట్టి వేలాడదీయాలి. చాప వేలాడిందంటే ఊళ్ళో అందరూ టీ మొక్కల మీద కప్పిన చాపలు తీసేస్తారు. కొండంతటికీ చల్లనిచోటు ఆ గుంటే. అక్కడ మంచు లేకపోతే ఇంకెక్కడా ఉండదు.

ఆ గుంటలో ఉన్నది ఒకే ఒక్క తోట. ఫుమియెది.

ఏప్రిల్ ఇరవై ఐదున ఇసొకిచి బోర్డు దగ్గర చాప కడుతుంటే తొమె అవ్వ ముల్లంగుల బుట్టతో వచ్చి నిలబడింది. ఎనభై దాటిన మనిషి. నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది.

"ఏరా ఇసొకిచీ, ఈ మధ్య నీ బోర్డు రైలుబండిలా నడుస్తోందే! ఇదివరకు నాలుగు రోజులు అటో ఇటో అయ్యేది. ఇప్పుడు పురుగులూ పువ్వులూ కూడా గడియారం కట్టుకున్నాయేంటి?"

"అనుభవం అవ్వా," అన్నాడు ఇసొకిచి, వెనక్కి తిరగకుండా.

"నాకూ ఉందిలే అనుభవం. మా ఆయన కూడా ఇలాగే వీపు చూపించి మాట్లాడేవాడు, సారా తాగొచ్చిన రోజున."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఇసొకిచీ నవ్వాడు. అప్పుడే ఫుమియె వచ్చింది. యుద్ధం ముగిసి పదమూడేళ్ళు. మొగుడు దక్షిణ దీవులకు పోయాడు, తిరిగొచ్చింది తెల్లగుడ్డ చుట్టిన పెట్టె, అందులో ఎముకలకు బదులు ఒక గులకరాయి. అప్పటినుంచి ఆ గుంటలో తోట ఒక్కతే చేస్తోంది. వేలాడే చాప చూసి ఆగిపోయింది.

"బాబాయ్, వసంతం మొదలైన ఎనభై ఎనిమిదో రాత్రి దాటితేనే మంచు పోతుందంటారు, అది ఇంకా దాటలేదు కదా. మా గుంటలో కూడా ఆగిందంటావా?"

"బోర్డు మీద రాశాను కదమ్మా."

"రాశావులే. చాపల కింద చిగురు పాలిపోతోంది, తీసెయ్యాలని నాకూ ఉంది. కానీ భయం. పైకి వెళ్ళావా?"

ఇక్కడ ఆపొచ్చు. నోరు మూసుకుని చాప విప్పేసి ఇంటికి పోవచ్చు. జనం చూస్తున్నారు. తొమె అవ్వ చూస్తోంది.

"మూడు పొద్దులూ వెళ్ళాను," అన్నాడు ఇసొకిచి. "చెయ్యి పెట్టి చూశాను. పొడి నేల."

ఫుమియె నడుము వంచి దణ్ణం పెట్టింది. "ఆ మోకాలితో! మా కోసం ఎంత శ్రమపడ్డావు బాబాయ్." ఆ సాయంత్రానికల్లా తోటలో చాపలన్నీ తీసి మడతపెట్టేసింది.

మే నెల మొదటి తేదీ. ఇసొకిచికి తెల్లవారుజామున ముక్కు చల్లబడి మెలకువ వచ్చింది. దొడ్లోకి పోయాడు. ఊరగాయ జాడీ మీది బరువురాయికి సన్నగా తెల్లపొడి పట్టి ఉంది. వేలితో గీశాడు. గీత పడింది.

కిందే ఇలా ఉంటే పైన?

రెండేళ్ళలో మొదటిసారి కొండెక్కాడు. ఉత్తరాలు మోసిన రోజుల్లో పాతిక నిమిషాల దారి. ఆ రోజు గంటన్నర పట్టింది. నాలుగుచోట్ల కూలబడ్డాడు. పైకి చేరేసరికి ఎండ వచ్చేసింది, మంచు కరిగి నీళ్ళు కారుతున్నాయి. మంచు పడ్డప్పుడు కాదు, కరిగేటప్పుడే చిగురు చస్తుంది. నిన్నటిదాకా పచ్చబంగారంలా ఉన్న కొసలు వేణ్నీళ్ళు పోసినట్టు వాలిపోయి, అంచులు గోధుమరంగుకు తిరుగుతున్నాయి. ఉడికిన ఆకుకూర వాసన.

ఫుమియె వరస మధ్యలో నిలబడి ఉంది. తడిగడ్డి మంట పెట్టి పొగ వేద్దామని చూసినట్టుంది, మొహమంతా మసి. ఆయన్ని చూసి ఎదురొచ్చింది.

"అయ్యో, నువ్వెందుకొచ్చావు బాబాయ్! ఆ కాలితో!"

ఇసొకిచి వాలిన కొసనొకదాన్ని వేలితో పైకెత్తాడు.

"తప్పు నాదే. నువ్వు మూడు పొద్దులు చూసి చెప్పావు, నాలుగో పొద్దు నేను చూసుకోవద్దా? ఆకాశం మాట మార్చింది, దానికి నువ్వేం చేస్తావు? ఇలా కూర్చో." తను కూర్చునే చిన్న పీట తెచ్చి వేసింది. డబ్బా తెరిచి తన అన్నపుముద్దలు రెండింటిలో ఒకటి చేతిలో పెట్టింది. "తిను. కిందికి దిగడం ఎక్కడం కన్నా కష్టం."

తిన్నాడు. అదే ఆయన తర్వాత తలుచుకుని తలుచుకుని చచ్చిన సంగతి. ఆమె తోట మాడ్చి, ఆమె పీట మీద కూర్చుని, ఆమె అన్నం తిన్నాడు. లోపల రేగుపండు ఊరగాయ పెట్టిన ముద్ద. మెతుకు మిగల్చలేదు.

రెండు రోజుల తర్వాత సంఘం కూర్చుంది. సంఘం పెద్ద సకుమా బొద్దుమనిషి, ఊళ్ళో సగం కొండ ఆయన బంధువులదే. మిగతా సగం ఇంకా కాలేదని ఆయన బాధ. మంచుగుంట భూమి సంఘానిది, చేసినవాళ్ళది సాగు. చూసుకోలేదని పదిమందీ చేతులెత్తితే వెనక్కి తీసుకోవచ్చు.

"చాప వేలాడాక అందరం తీశాం," అన్నాడు సకుమా. "ఎవరి తోటా మాడలేదు. ఒక్క ఫుమియెగారిదే మాడింది. ఎందుకు మాడింది? గుంటలో ఉన్నవాళ్ళు పొద్దున్నే లేవాలి, పొగ పెట్టాలి. ఒంటరి ఆడమనిషి, మేమేం తప్పు పట్టడం లేదు. కానీ అంత మంచి నేల చేతగాని చేతుల్లో ఉంటే ఊరికి నష్టం. మా తమ్ముడి కొడుకు చేస్తానంటున్నాడు."

"మీ తమ్ముడి కొడుకా?" అంది తొమె అవ్వ. "వాడు మధ్యాహ్నానికి గాని దుప్పటి తియ్యడు. మంచు వాణ్ణి చూసి సిగ్గుపడి ఆగుతుందా?"

నవ్వు లేచింది. సకుమా నవ్వలేదు. "ఎగతాళి కాదు అవ్వా. ఇసొకిచిగారు ఆ కాలితో మూడు పొద్దులు కొండెక్కి చూసొచ్చారు. ఆయన చెయ్యాల్సింది చేశారు. ఏమండీ ఇసొకిచిగారూ, మూడు పొద్దులూ వెళ్ళారు కదా?"

ఇసొకిచి తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాడు. అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి.

తల ఊపాడు. అవును అన్నట్టు.

మొదటి అబద్ధం నోటితో, రెండోది మెడతో. రెండోసారి నాలుక కూడా కదపక్కర్లేకపోయింది.

"అయితే చేతులెత్తండి," అన్నాడు సకుమా. ఆయన వాళ్ళు ముందే ఎత్తారు. తక్కినవాళ్ళు పక్కవాళ్ళ మొహాలు చూసి సగం సగం ఎత్తారు. ఊరంటే అదే.

ఫుమియె లేచింది. ఏడవలేదు. చాప మీద మోకాళ్ళు వంచి, నుదురు నేలకు ఆనించింది, సకుమా వైపు కాదు, ఇసొకిచి వైపు. "బాబాయ్, నీ మూడు పొద్దుల శ్రమా నా వల్ల వృథా అయింది. క్షమించు."

"వెళ్ళలేదు," అన్నాడు ఇసొకిచి.

గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే పక్కవాడు "ఏంటి?" అన్నాడు.

"వెళ్ళలేదు! ఒక్క పొద్దు కూడా వెళ్ళలేదు. రెండేళ్ళుగా నేను ఆ గుంట మొహం చూడలేదు. వంటింట్లో క్యాలెండరు చూసి రాశాను."

చేతులు ఒక్కొక్కటే దిగాయి. తర్వాత మొదలైంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, అడిగారు.

"పీచ్ పువ్వు విచ్చిందని రాశావు?"

"చూడలేదు."

"వానకోయిల?"

"చూడలేదు."

"అడవి బాతులు పోయాయని రాశావు. మా ఆయన పెరట్లోకి పోయి నాకు చూపించాలని గంటసేపు మెడ నొప్పెట్టేలా ఆకాశంలోకి చూశాడు!"

"చూడలేదమ్మా. నేను చూడలేదు."

"ఉగుయిసు పిట్ట కూసిందన్నది?"

"అది విన్నాను," అన్నాడు ఇసొకిచి ఆత్రంగా. "అది మా మరుగుదొడ్డి కిటికీ దగ్గరికే వచ్చింది."

ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వుకు ఆయనకు తల కొట్టేసినట్టయింది.

తొమె అవ్వ మాత్రం నవ్వలేదు. "మొదటి ఇంద్రధనుస్సు కనిపించిందని రాశావురా పోయిన నెల. ఆ వారమంతా చుక్క వాన పడలేదు. నేను చూశాను, నోరు మూసుకున్నాను. ముసలాడు ఎక్కడో కలగన్నాడులే అనుకున్నాను. నాది కూడా తప్పే, తుడిచి పారెయ్యాల్సింది."

సకుమా గొంతు సవరించుకున్నాడు. "సరే, సరే. జరిగింది ఈ గోడల మధ్యే ఉండనీ. పక్క ఊళ్ళవాళ్ళు కూడా మన బోర్డు చూసి నాట్లు వేసుకుంటారు. పరువు పోతుంది. ఈ ఏడు మంచు వింతగా పడిందందాం. ఇసొకిచిగారూ, మీరూ అలాగే అనండి. తోట సంగతి ఇక ఎత్తను."

చూశారా ఎంత తేలిక! తోట నిలిచింది, పరువు నిలిచింది. ఇసొకిచి కూడా ఒక్క ఊపిరిపాటు సకుమా తెరిచిన ఆ తలుపు వైపే చూశాడు. అప్పుడు ఫుమియె కళ్ళు కనిపించాయి. వాటిలో కోపం లేదు. ఇన్నేళ్ళుగా తెలిసిన మొహాన్ని ఎవరిదో పోల్చుకోలేనట్టు చూస్తోంది.

"వద్దు," అన్నాడు. "పక్క ఊళ్ళకు నేనే పోయి చెబుతాను."

"ఎలా పోతావు?" అంది ఫుమియె. అప్పటిదాకా ఆయన్ని ఆ గొంతుతో ఎవరూ పలకరించలేదు. "మా గుంటకు మూడు పొద్దులు రాలేని కాలు కదా." లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

పోయాడు. నాలుగు ఊళ్ళు, మూడు రోజులు, కర్ర పట్టుకుని. గడప గడపకూ ఉత్తరాలిచ్చిన చేత్తోనే తలుపు తట్టి చెప్పాడు. కొందరు టీ ఇచ్చారు. కొందరు తలుపు మూశారు. ఒకాయన "మేమెప్పుడూ క్యాలెండరు తేదీ ప్రకారమే నాట్లు వేస్తాం, మాకేం నష్టం లేదులెండి" అన్నాడు నవ్వుతూ. ఆ మాటే అన్నిటికన్నా గుచ్చుకుంది.

ఫుమియె తోటకు కత్తెర పట్టుకుని కూడా పోయాడు, మాడిన కొసలు కత్తిరిద్దామని. ఆమె ఎదురొచ్చి గట్టు మీదే ఆపింది. "వద్దు. నువ్వు ముట్టిన వరసలో రెండో చిగురు వచ్చినా, అది నీ వల్ల వచ్చిందని నీకు తృప్తిగా ఉంటుంది. ఆ తృప్తి నేనివ్వను." ఆయన తిరిగొచ్చేశాడు.

బోర్డు ఖాళీగానే ఉంది. చివరికి తొమె అవ్వే తేల్చింది. ఇకనుంచి ఎవరు చూస్తే వాళ్ళు రాయాలి, కింద పేరు పెట్టాలి. తప్పయితే ఎవరి గడపకు పోవాలో ఊరికి తెలియాలి.

మే పన్నెండో తేదీ ఉదయం ఇసొకిచి మళ్ళీ మడుల వైపు నడిచాడు. క్యాలెండరులో "కప్ప మొదటిసారి అరిచింది" అని వారం ముందే ఉంది. అంతకుముందు మూడు రోజులు వరసగా పోయాడు, వినపడలేదు, తిరిగొచ్చాడు. నాలుగో రోజున నీళ్ళు పెట్టిన మడిలోంచి ఒకటి గొంతు విప్పింది. చెవి నిలిపి విన్నాడు. ఇంకోటి. బోర్డు దగ్గరికి వచ్చి రాశాడు. పేరు రాయాల్సిన చోట సుద్ద ఆగిపోయింది. పదేళ్ళుగా ఆ బోర్డు ఆయనదే గాని, ఒక్కసారీ దాని మీద తన పేరు రాసుకోలేదు. రాశాడు. అక్షరాలు వంకర పోయాయి.

వెనక అడుగుల చప్పుడు. ఫుమియె, వీపున బుట్ట. బోర్డు చదివింది. కింద పేరూ చదివింది.

"పొద్దున విన్నాను," అన్నాడు ఇసొకిచి. "కింది మడిలో. రెండు."

ఆమె బుట్ట దించి గోడకు ఆనించింది. కొండదారి వదిలేసి మడుల వైపు దిగింది, తన చెవులతో తాను వినడానికి.

ఇసొకిచి సుద్దముక్క పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. పిలవడానికి ముఖం చెల్లలేదు.