ఎడమ చేతి అతుకులు

నా బామ్మర్దిని నేను ఇరవై ఏడేళ్లు లెక్కలోకే తీసుకోలేదు. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి. నేను కార్లు బాగుచేసేవాణ్ని. వాడు కిటికీలకు గ్రిల్స్, ఇళ్లకు గేట్లు చేసేవాడు. కారు కదులుతుంది, కిటికీ కదలదు. కదిలే వస్తువు జోలికి పోయేంత బుర్ర వాడికి లేదని నా నమ్మకం. ఇంటికొచ్చినప్పుడల్లా "రావయ్యా, కిటికీల ఇంజనీరూ!" అనేవాణ్ని. వాడు నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. మా ఆవిడ మాత్రం నా వైపు ఒక చూపు చూసేది. నేను ఆ చూపు కనబడనట్టే టీ తాగేవాణ్ని.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున షెడ్డులో స్పానర్ నా కుడి చేతిలోంచి జారి పడింది. తీశాను. మళ్లీ పడింది. మూడోసారి వంగితే నేనే పడ్డాను. పక్షవాతం అన్నారు. మాట పదిహేను రోజుల్లో తిరిగొచ్చింది. కాస్త ఆలస్యంగా వచ్చినా బాగుండేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. కాలు రెండు నెలలకు దారికొచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. భుజానికి వేలాడుతూ ఉంటుంది, వేళ్లు ముడుచుకోవు. "ఇక ఎడమ చేతికి అలవాటు చేసుకోండి" అన్నాడు డాక్టరు, చొక్కా మార్చుకోమన్నంత తేలిగ్గా. ఆ చొక్కా మార్చుకోవడమే నాకు రాదు. బొత్తాలు మా ఆవిడ పెడుతుంది. ఆవిడ పెడుతున్నంతసేపూ నేను గోడ వైపు చూస్తాను.

షెడ్డు మూసేశాను. వచ్చిన బళ్లను పక్క వీధి మెకానిక్కు పంపేశాను. ఒక్క కారే మిగిలింది. అది నా గురువుది. గుండ్రటి ముక్కు, కళ్లలాంటి దీపాలు, నేను పుట్టకముందు తయారైన బండి. ఆయనకు చూపు తగ్గాక తాళం నా చేతిలో పెట్టి "ఇక ఇది నీది, రోడ్డెక్కించరా, తొందరేం లేదు" అన్నాడు. తొందరేం లేదన్నాడు కదా అని పద్నాలుగేళ్లు ఊరందరి కార్లూ చేశాను గానీ దీని జోలికి వెళ్లలేదు. చివరికి రెండేళ్ల కిందట మొదలుపెట్టాను. ఇంజను విప్పి, కడిగి, బిగించి, నూనె గుడ్డలో చుట్టి పెట్టాను. తలుపులు, చక్రాలు, సీట్లు అన్నీ ఊడదీశాను. మిగిలింది అడుగు రేకు. అది జల్లెడలా తుప్పు పట్టిపోయింది. దాన్ని కోసి కొత్త రేకు అతకాలంటే కారు కింద వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పైకెత్తి పని చెయ్యాలి. సరిగ్గా ఆ పని ముందరే నా చెయ్యి పడిపోయింది.

పాత కార్లంటే పడిచచ్చే ఒక పెద్దమనిషి ఉన్నాడు. నా సంగతి తెలిసి వచ్చాడు, కారు ఇమ్మని మర్యాదగా అడిగాడు, బాగా చూసుకుంటానన్నాడు. నేను సరేనన్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం లారీ తెచ్చుకోమన్నాను. ఆ మాట అన్న రోజు నాకు అన్నం సహించలేదు. పోయేది కారొక్కటే కాదు. ఆ కారు గుమ్మం దాటితే నేను మెకానిక్కును కాను, అంతే. పొద్దున్నే లేచి బొత్తాలు పెట్టించుకుని కూర్చునే మనిషిని.

మర్నాడే బామ్మర్ది ఊడిపడ్డాడు. అక్క చెవిన వేసినట్టుంది.

"బావా, ఆ లారీ వచ్చే దాకా టైముందిగా. ఈ లోపల నన్నొకటి ప్రయత్నించనీ" అన్నాడు.

"ఏం ప్రయత్నిస్తావురా? కారుకి గ్రిల్ బిగిస్తావా?"

"నువ్వు కారు కిందికి వెళ్లలేవు కదా. కారునే నీ దగ్గరికి తిప్పుదాం."

ఊరుకోమని నేను అనేలోపలే టేపు తీసి కారు కొలవడం మొదలుపెట్టాడు. ముందు బంపరు బిగించే చోటు, వెనక బంపరు బిగించే చోటు, నేల నుంచి ఎత్తు. అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత టేపు పట్టుకుని నా మీదికి వచ్చాడు. నడుం ఎత్తు, ఎడమ భుజం నుంచి వేళ్ల చివర్ల దాకా పొడవు, మోకాలు, పాదం.

"నన్నెందుకురా కొలుస్తున్నావు? నాకేమైనా గేటు పెడుతున్నావా?"

వాడు నవ్వాడు. మా ఆవిడ వంటింట్లోంచి "గేటు నోటికి పెట్టరా తమ్ముడూ, పుణ్యముంటుంది" అంది.

పది రోజులు వాడి జాడ లేదు. పదకొండో రోజున మళ్లీ ఏదో కొలుచుకోవడానికి వచ్చాడు. చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నాడు, కాలరు ఒక వైపు చెవి దాకా లేచింది. చేతి వేళ్ల మీద రెండు కాలిన మచ్చలు. ముప్పై ఏళ్లుగా వెల్డింగ్ చేసేవాడికి చెయ్యి కాలడమేమిటి? "బొత్తాలు పెట్టుకోవడం రాదు గానీ కార్లు తిప్పుతాడట" అన్నాను. మా ఆవిడ నా చేతిలోని టీ గ్లాసు లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

గడువు ఇంకో వారం ఉందనగా నాకు విసుగొచ్చింది. ఆశ పెట్టుకుని కూర్చోవడంకంటే తెగతెంపులు చేసుకోవడమే మేలనిపించింది. మధ్యాహ్నం భోజనం కాగానే కర్ర పట్టుకుని వాడి షాపుకి బయలుదేరాను. రెండు వీధుల అవతలే. "నీ తిప్పడాలు చాలు, కారు ఇచ్చేస్తున్నాను" అని ముఖం మీద చెప్పేద్దామని.

షాపు తలుపు ఓరగా వేసి ఉంది. పనివాళ్లు తిండికి వెళ్లినట్టున్నారు. లోపల వాడొక్కడే ఉన్నాడు, నాకు వీపు పెట్టి. వాడి కుడి చెయ్యి చొక్కా లోపల ఉంది. ఆ చేతిని ఒంటికి కలిపి ఒక తువ్వాలుతో గట్టిగా కట్టేసుకున్నాడు.

ఎదురుగా పెద్ద ఇనుప స్టాండు నిలబడి ఉంది. దాని మీద పాత బస్సు స్టీరింగు బిగించి ఉంది. తిరిగాక కదలకుండా ఉండేందుకు పైన ఒక లాకు పిన్ను. ఆ పిన్ను లాగి పట్టుకుంటేనే స్టీరింగు తిరుగుతుంది. వాడు ఎడమ చేత్తో పిన్ను లాగాడు. స్టీరింగు తిప్పడానికి చెయ్యి లేదు. స్టీరింగు పట్టుకున్నాడు. పిన్ను లాగడానికి చెయ్యి లేదు. భుజంతో నెట్టి చూశాడు. గడ్డంతో పిన్ను పట్టి చూశాడు. అప్పుడు తిట్టాడు. జన్మలో గట్టిగా మాట్లాడని మనిషి, అచ్చం నా తిట్లే, నా వరసలోనే తిట్టాడు. తర్వాత నేల మీద చతికిలపడి కాసేపు తన పాదం వైపే చూశాడు. లేచి సుద్దముక్క తీసుకుని, స్టాండు కింది భాగంలో, పాదం అందే చోట గీత గీశాడు. ఎడమ చేత్తో గీసిన గీత, పాములా వంకరగా వచ్చింది.

గోడ పక్కన తుక్కు ముక్కల గుట్ట ఉంది. ప్రతి ముక్క మీదా పిచ్చి పిచ్చి అతుకులు. పైనున్నవి మరీ అధ్వానం కాదు. కిందివైతే చూడలేకపోయాను. వాడు ఎడమ చేత్తో వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు, నేను ఎక్కడెక్కడ తడబడతానో ముందే తెలుసుకోవడానికి.

నేను లోపలికి వెళ్లలేదు. కర్ర చప్పుడు కాకుండా ఎత్తి పట్టుకుని వెనక్కి తిరిగాను.

"చెప్పేశారా?" అంది మా ఆవిడ.

"వాడు షాపులో లేడు."

"లేడా? ఇప్పుడేగా షాపు నుంచే ఫోన్ చేశాడు." ఆవిడ నా ముఖంలోకి చూసి, గొంతు తగ్గించింది. "మూడు వారాలుగా బొత్తాలు కూడా ఎడమ చేత్తోనే పెట్టుకుంటున్నాడట. మరదలు సాయం చేయబోతే కసురుకున్నాడట."

ఆ సాయంత్రం మా ఆవిడ చొక్కా మారుస్తుంటే నేను గోడ వైపు చూడలేదు.

శనివారం సామానంతా వచ్చింది. రెండు స్టాండులు, ముందొకటి, వెనకొకటి. గేట్ల పైపులతో చేసినవి. తిరగడానికి తుక్కు లారీ చక్రాల హబ్బులు పెట్టాడు. ఇరుసు మీద కారు బాడీ ఎత్తు తగ్గించడానికీ పెంచడానికీ రెండు పాత జాకీల మరలు వేశాడు. లాకు పిన్ను ఇప్పుడు కింద, పాదం దగ్గర ఉంది, లారీ క్లచ్చు పెడలు దానికి తగిలించాడు. వాడూ పనివాళ్లిద్దరూ కలిసి కారు బాడీని బంపరు చోట్ల పట్టి రెండు స్టాండుల మధ్య బిగించారు. అతుకులు చూశాను. మోటుగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి గానీ గట్టివి. బరువు పడే చోట్ల మాత్రం వాడి కుడి చేతి పని ఉంది, సన్నగా, వరసగా.

"రా బావా. నువ్వే తిప్పాలి" అన్నాడు.

ఎడమ కాలితో పెడలు తొక్కాను. ఎడమ చేత్తో స్టీరింగు తిప్పాను. కారు కదిలింది. పక్కకి ఒరుగుతూ పావు వంతు తిరిగింది. అంతలోనే అడుగు రేకు బరువు వెనక్కి లాగింది. స్టీరింగు నా చేతిలోంచి గిర్రున జారిపోయింది, కారు ధన్‌మని మొదటికొచ్చింది. అందరూ ఎగిరి దూరం జరిగారు. వాడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"తప్పు నాదే బావా. నీకు తగిలిందా? ఆపేద్దాం, ఇంక..."

"నోర్మూసుకో" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కాదు, పాతగా వినిపించింది. షెడ్డు మూసిన తర్వాత మళ్లీ అప్పుడే విన్నాను ఆ గొంతు. "బరువు ఇరుసుకి కింద ఉంది, అందుకే వెనక్కి లాగుతోంది. బాడీని పైకి లేపాలి. ముందు జాకీ మూడు చుట్లు, వెనకది రెండు. లేపి, అటు పక్కకి పోండి."

లేపారు. ఈసారి సగం దాకా తిరిగి మెల్లగా వెనక్కి వచ్చింది. ఇంకో చుట్టు. మళ్లీ చూశాను. ముందు ఇంకో అర చుట్టు. నాలుగోసారి పెడలు తొక్కి స్టీరింగు వదిలేశాను. కారు ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది, బుద్ధిమంతురాలిలా. పూర్తిగా తిప్పాను. బోర్లా తిరిగింది. పాదం తీశాను. టక్కుమని పిన్ను పడింది.

నలభై ఏళ్లు కార్ల కింద పడుకున్నాను. కళ్లలో తుప్పు పడకుండా ఒక్క కారు అడుగు కూడా చూసి ఎరగను. ఇప్పుడు నా గురువు కారు అడుగు నా ఛాతీ ఎత్తులో, వంటింటి గట్టులా నా ముందుంది. ఎడమ చేత్తో దాన్ని తడిమాను. ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ అతకాలో వరసగా కనబడుతోంది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

మర్నాడు పొద్దున పెద్దమనిషి లారీతో వచ్చాడు. షెడ్డులోకి అడుగుపెట్టి, తల్లకిందులుగా ఉన్న కారుని చూసి నిలబడిపోయాడు.

"క్షమించండి" అన్నాను. "మాట తప్పుతున్నాను. కారు ఇవ్వలేను."

ఆయన స్టాండు చుట్టూ తిరిగాడు. పెడలు చూశాడు, హబ్బులు చూశాడు. అడిగి ఒకసారి తిప్పి కూడా చూశాడు. "ఇవ్వకండి" అన్నాడు నవ్వి. "ఇదెవరు చేశారు?"

"మా బామ్మర్ది" అన్నాను. "ఇంజనీరు."

బామ్మర్ది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ మాట ముందు కిటికీలు లేవని వాడు గమనించాడు. తల దించుకుని చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు, చేతులు శుభ్రంగానే ఉన్నా.

లారీ ఖాళీగా వెళ్లిపోయాక వాడు నన్ను స్టాండు దగ్గరికి పిలిచాడు. పెడలు పక్కన, పాదం ఆనించుకునే చిన్న రేకు ఉంది. దానికి ఒక పక్క అతుకు వేసి ఉంది. రెండో పక్క వెయ్యలేదు.

"ఇదొక్కటి వదిలేశా బావా. ఇది నీది."

నెత్తికి తొడిగే వెల్డింగ్ ముసుగు తెచ్చాడు. తల ఆడిస్తే చాలు, కళ్ల మీదికి పడుతుంది. స్టూలు వేశాడు. నేను కూర్చుని రాడ్డు ఎడమ చేత్తో పట్టుకున్నాను. చెయ్యి వణికింది.

"ఒరేయ్" అన్నాను.

"ఏంటి బావా?"

"నీ షాపుకి వచ్చానురా ఆ రోజు. తలుపు దగ్గర నిలబడి చూశాను. ఇన్నేళ్లు నిన్ను నానా మాటలూ అన్నాను. నువ్వు నా చెయ్యి తిరిగి తెచ్చావు. నీ మేలు మర్చిపోలేను."

వాడు స్టూలు పక్కన గొంతుక్కూర్చుని "మోచెయ్యి మోకాలి మీద ఆనించు బావా, వణుకు తగ్గుతుంది. నాకు తొమ్మిదో రోజున తెలిసింది" అన్నాడు.

ఆనించాను. తల ఆడించాను. నిప్పు రేగింది.

చల్లారాక సుత్తితో పెచ్చులు రాల్చి ఇద్దరం వంగి చూశాం. మా ఆవిడ టీ గ్లాసులతో వచ్చి తనూ వంగింది. రెండు పక్కలా రెండు అతుకులు, ఒకేలా వంకర, ఒకేలా మోటు.

"ఇందులో మీదేది, వాడిదేది?" అంది.

నేను వాడి వైపు చూశాను. వాడు నా వైపు చూశాడు. ఏది ఎవరిదో తెలిసినా, ఇద్దరం తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాం.

"రంగు వేసేలోపు రెండూ గ్రైండింగ్ చేసేసి, కుడి చేత్తో శుభ్రంగా వేస్తాలే అక్కా" అన్నాడు వాడు.

"చెయ్యి వేశావంటే విరగ్గొడతాను" అన్నాను.