మొదటి చెంచా

మా గేల్ ఊళ్ళో మతి చెదిరిన పరాయివాళ్ళను ఇంటి మనుషులుగా ఉంచుకోవడం తాతల నాటి అలవాటు. వానెస్ మా ఇంటికొచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఎవరికీ వినబడని గొంతులు అతనికి వినిపిస్తాయి. సూప్‌లో విషం కలిపారని చెబుతాయి. అందుకే అతని గిన్నెలో మొదటి చెంచా రోజూ నేనే తాగుతాను.

కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు, "ఇది స్కిజోఫ్రీనియాలో ఏ రకమో తెలుసా అమ్మా?" అన్నాడు.

"రకాలు మీరు చూసుకోండి బాబూ. నాకు తెలిసింది చెంచా!" అని కసిరాను.

మొన్న జ్వరంతో మంచం పట్టాను. వానెస్ సూప్ కాచి తెచ్చాడు. ముందు తనే ఒక చెంచా తాగి, కాసేపు ఆగాడు.

"నీ గిన్నెలోనూ కలిపారంటున్నాయక్కా. నేను తాగానుగా, ఏం కాలేదు. తాగు."

సూప్ ఉప్పు కషాయంలా ఉంది. అడుగు దాకా తాగాను.