పన్నెండు వందల ఎనిమిదో ఫొటో

"ఇంక ఆ సీకటి గదిలో నీకు పనేటుందే?" అన్నాడు గణపతిరావు, పళ్ళు తోముకుంటూనే.

రూపాదేవి అప్పుడే ఆ గదిలోంచి బయటికొచ్చింది. చేతిలో పదో తరగతి పిల్లల పరీక్షల ఫొటోలు, ఇంకా తడి ఆరలేదు. ఇవి కడిగిందెవరట? చోడవరం బజార్లో బోర్డు మీద 'గణపతి ఫొటో స్టూడియో' అనే ఉంటుంది. గణపతి చేసేదల్లా "కదలకండి" అనడం, మీట నొక్కడం. ఫిల్ము కడగడం, కాగితం మీదికి ఎక్కించడం, సన్నటి బ్లేడుతో, కుంచెతో మొహాల మీద మచ్చలు తీసేసి టచింగ్ చెయ్యడం, అన్నీ పన్నెండేళ్ళుగా ఈవిడ పనులు. మందు నీళ్ళకి గోళ్ళు పసుపుపచ్చగా మారిపోయాయి. దానికి జీతమా? ఇంటావిడకి జీతమేమిటి, విడ్డూరం కాకపోతే!

అయినా ఆ గదంటే ఆమెకి ప్రాణం. తలుపు మీద బయట ఎర్ర బల్బు ఉంటుంది. అది వెలిగిందంటే లోపల పని జరుగుతున్నట్టు. తలుపు తీస్తే వెలుతురు పడి అంతా పాడైపోతుంది. ఆ ఒక్క భయానికి ఇంట్లో అందరూ ఆగుతారు. అత్తగారి మజ్జిగ ఆగుతుంది, మొగుడి టీ ఆగుతుంది. రోజుకో గంటన్నర, "ఒసే" అన్న పిలుపు వినపడని గంటన్నర. ఆ బల్బు విషయంలో ఆమె ఒక్కనాడూ అబద్ధమాడలేదు. పనుంటేనే వేసేది, అయిపోగానే ఆర్పేది.

ఇప్పుడు డిజిటల్ కెమేరా వస్తోంది. ఇంకో ఏడాదిలో రెండు వేల సంవత్సరం, ఇంకా ఫిల్ములేమిటని గణపతిరావు వాదన. ఆడపడుచు భర్త ఉదయభాస్కర్ విశాఖలో ఓడల్లో దిగిన ఫారిన్ సరుకు అమ్మే మనిషెవరితోనో మాట్లాడాడు. కడగడాలుండవు, చీకట్లుండవు. గది ఖాళీ చేసి, సున్నం కొట్టి, కంప్యూటర్ పెడతారట. ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జర్‌ని కె.కోటపాడు ఆసామికి ఇచ్చేస్తానని గణపతిరావు మాట కూడా ఇచ్చేశాడు. సాయంత్రం వచ్చి పట్టుకెళతాడు. పన్నెండేళ్ళు ఆ గదిలో పనిచేసిన మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

తొమ్మిదిన్నరకి ఉదయభాస్కర్ కెమేరా డబ్బాతో బస్సు దిగాడు. శుక్రవారం. పదిన్నరకి రాహుకాలం. అత్తగారు దేముడమ్మ అప్పటికే పసుపూ కుంకుమా కొబ్బరికాయా పట్టుకుని స్టూడియోలో కూర్చుంది.

"పూజ కాకుండా సీలు తియ్యకండర్రా, ఎంగిలైపోద్ది," అని ఆవిడ హుకుం.

"పూజయితే మరి ఆడు వెనక్కి పుచ్చుకోడు బావా. కుంకం అంటిందంటే మనదే," అన్నాడు ఉదయభాస్కర్. "అయినా సీల్డ్ పీసు, డౌటేటి?"

రూపాదేవి డబ్బా అందుకుని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళింది. సీలు టేపు కింద అట్ట పొర లేచిపోయి ఉంది. ఎవరో పాత టేపు పీకి, దాని మీద ఇది అతికించారన్నమాట. నంబరు కాగితం కింద ఇంకో కాగితం అంచు తొంగిచూస్తోంది. ఎందరో పెళ్ళికూతుళ్ళ బుగ్గల మీద మొటిమలు చెరిపిన కన్ను ఆమెది. ఎక్కడ సవరించారో ఇట్టే పట్టేస్తుంది.

"ఏవండీ, ఇది కొత్తది కాదండి. దీనికి టచింగ్ చేసేరు. ముందు విప్పి సూద్దాం."

"డబ్బాకి టచింగేటే!" అని గణపతిరావు పగలబడి నవ్వాడు.

"ఇలాటియ్యి మేం సూసుకుంటాం గదా చెల్లెమ్మా. నువ్ ఓ టీ పెట్టమ్మా," అన్నాడు ఉదయభాస్కర్.

"మగోళ్ళు తెచ్చిన వస్తువు మీద అనుమానవేటే నీకు?" అంది దేముడమ్మ.

వంటింట్లో టీ గిన్నె పొయ్యి మీద ఠంగుమని పడింది. అనుమానించకూడదట! పెళ్ళిచూపులనాడు ఈ అత్తగారే కదా, "జడ బాగుందే పిల్లా" అని దగ్గరికి తీసుకుని, సవరమేమోనని చటుక్కున లాగింది! ఆ లాగుడికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నడిపించారు, పేపరు చదివించారు, సూదిలో దారం ఎక్కించమన్నారు. పిల్ల అసలుదో కాదో అన్ని విధాలా తేల్చుకున్నారు. పిల్లాణ్ణి మాత్రం ఒక్కసారి ఇటు తిరగమన్నవాళ్ళు లేరు. వంకాయ పుచ్చు చూడకుండా తెస్తే "కళ్ళు లేవేటే" అంటారు. ఇంత వస్తువు కొనేటప్పుడు మాత్రం ఆ కళ్ళు మూసుకుని టీ పెట్టాలి. ఏం మనుషులు బాబూ వీళ్ళు! టీ పొంగింది. పొంగితే పొంగనీ. పొయ్యి కట్టేసి, టచింగ్ బ్లేడు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది.

గణపతిరావు కొబ్బరికాయ ఎత్తాడు. కుంకుమ ఇంకా పెట్టలేదు. రూపాదేవి డబ్బా లాక్కుని సర్రున సీలు కోసేసింది.

"అయ్యయ్యో, ఎంగిలి సేసేసిందిరా!" దేముడమ్మ గుండెలు బాదుకుంది. "మతి పోయిందేటే?"

"ఎంగిలి ఎవరో ఎప్పుడో సేసేరత్తా. సూడండి."

కెమేరా అడుగున ఒక నంబరు, డబ్బా మీద ఇంకో నంబరు. బ్యాటరీలు వేసి, అత్తగారి వైపు తిప్పి నొక్కింది. వెనకున్న చిన్న తెర మీద దేముడమ్మ నోరు తెరుచుకుని కనిపించింది. మూలన అంకె, పన్నెండు వందల ఎనిమిది.

"కొత్తదైతే ఇది ఒకటో ఫొటో అవ్వాల. మిగతా పన్నెండొందల ఏడూ ఎవరు తీసేరన్నయ్యా?"

గణపతిరావు కొబ్బరికాయ మెల్లగా కింద పెట్టాడు.

"నాకు ముందే డౌటొచ్చింది బావా," అన్నాడు.

"నీ సూపే సూపు బావా! ఇది ఆడి మొహాన కొట్టి, వచ్చే వారం ఇంకోటి తెస్తాను," అన్నాడు ఉదయభాస్కర్.

ఆమెతో గణపతిరావు అన్నది ఒక్కటే. "టీ ఏదే?"

మధ్యాహ్నం మాడుగుల నుంచి ఫొటోలకి వచ్చినాయనకి గణపతిరావు కథంతా చెప్పాడు. "డబ్బా ఇలా పట్టుకున్నానో లేదో, పట్టేసేనండి. ఔనా కాదేటే?" అని ఆమెనే సాక్ష్యం అడిగాడు. ఫొటోల కవరు అందిస్తున్న ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కవరు బల్ల మీద పడేసి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం కె.కోటపాడు ఆసామి వచ్చాడు. కెమేరా వెనక్కి పోయినా వచ్చే వారం ఇంకోటి వస్తుంది కదా, ఇచ్చిన మాట మాటే అన్నాడు గణపతిరావు. ఎన్‌లార్జర్ కోసం ఇద్దరూ లోపలికి వచ్చి, గది ముందు టక్కున ఆగారు. ఎర్ర బల్బు వెలుగుతోంది.

"ఎంతసేపే?"

"సెప్పలేనండి. సాలా ఉన్నాయి," అంది లోపలి నుంచి.

"తియ్యకూడదండి, ఫిల్ము పాడైపోద్ది," అని గణపతిరావే అతనికి నచ్చజెప్పాడు. అతను గంట కూర్చుని, రేపొస్తానని చెప్పి బస్సుకి వెళ్ళిపోయాడు.

లోపల రూపాదేవి స్టూలు మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, తన కోసం పెట్టుకున్న టీ తాగుతోంది. రేపూ వేస్తుంది బల్బు. ఎల్లుండీ వేస్తుంది. జడ లాగి చూసిన ఇంట్లో, ఆ దీపం నిజమో కాదో చూడాలని మాత్రం ఎవరికీ తోచదు.

కడగాల్సిన ఫిల్ము ఆ గదిలో ఒక్కటీ లేదు.