వాష్‌బేసిన్లో గులాబి పొడి

“వీడేదో పాడు మందు మింగుతున్నాడే అమ్మాయ్!” అన్నాను కోడలితో. ప్రమాదంలో పై పళ్లన్నీ పోయి కట్టుడు పళ్లు పెట్టించుకున్న నా కొడుకు, కొన్నాళ్లుగా మాతో కూర్చుని అన్నం తినడం లేదు. ఈ పొద్దున వాడు స్నానాల గదిలోంచి వచ్చాక చూస్తే, వాష్‌బేసిన్లో గులాబిరంగు పొడి.

“ఏమిట్రా ఇది? నామీద ఒట్టు, చెప్పు.”

వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు.

“మింగేవాడు పారబోస్తాడా అత్తయ్యా?” అని నవ్వింది కోడలు. ఆ నవ్వుమీదా నాకు అనుమానమే.

చివరికి వాడు జేబులోంచి గరుకు కాగితం తీశాడు.

“పళ్లసెట్టు గులాబిరంగు అంచు చిగుళ్లకు ఒరుసుకుంటోందని నేనే అరగదీశానమ్మా. ఇప్పుడసలు నోట్లో నిలవడం లేదు. డాక్టరు తిడతాడు, నువ్వూ రా.”